విశాఖ నుంచి సందక్‌ఫూకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

దసరా సెలవులు దగ్గర పడేకొద్దీ విశాఖపట్నం పాఠకుల ఉత్తరాల్లో కొండల ప్రస్తావన ఎక్కువవుతుంది. ఈసారి వచ్చినవాటిలో చాలా భాగం ఒకే శిఖరాన్ని గురించి అడిగినవి. అది డార్జిలింగ్ జిల్లాలో, సింగలీలా కొండల వరుస మీద, సరిగ్గా భారత్, నేపాల్ సరిహద్దున ఉన్న సందక్‌ఫూ. ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాల్ మొత్తంలో అంతకు మించిన ఎత్తు లేదు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, పొడవైన ఉత్తరాలను కుదించి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేం అయిదుగురు స్నేహితులం, అందరికీ ముప్పయి అయిదేళ్ల లోపే. ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తాం, ఆదివారాలు కంబాలకొండలో నడుస్తాం. న్యూజల్పాయిగురిలో రైలు దిగిన మర్నాడే జీపులో సందక్‌ఫూ చేరి, రెండు రాత్రులు ఉండి వచ్చేయవచ్చని ఒక ట్రావెల్ ఏజెంటు చెబుతున్నాడు. సెలవులు తక్కువ కనుక అదే మేలనిపిస్తోంది. మీరేమంటారు? (ఒక బ్యాంకు ఉద్యోగి, సీతమ్మధార)

జవాబు: ఆ ఏర్పాటుకు ఒప్పుకోకండి. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడిచి రాగలవారికి కాళ్ల బలం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే సందక్‌ఫూలో మనిషిని పడగొట్టేది నడక కాదు, ఎత్తు. ఎత్తుకు శరీరం అలవాటుపడటానికీ, కాళ్ల బలానికీ సంబంధం లేదు. పైపెచ్చు దిట్టంగా ఉన్న కుర్రవాళ్లే త్వరత్వరగా ఎక్కేసి, తలనొప్పి మొదలైనా పక్కవాళ్లకు చెప్పుకోవడం నామోషీ అనుకుని, పరిస్థితి ముదిరేదాకా ఓర్చుకుంటూ ఉంటారు.

జరిగేది ఇది. గాలిలో ఆక్సిజన్ పాళ్లు మన బీచి రోడ్డులోనూ, ఆ శిఖరం మీదా ఒకటే, దాదాపు 21 శాతం. మారేది గాలి ఒత్తిడి. సందక్‌ఫూ ఎత్తులో అది సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువకు పడిపోతుంది కాబట్టి, ఒక్కొక్క శ్వాసలో ఊపిరితిత్తులకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకే తగ్గుతుంది. శరీరం దీన్ని సర్దుకోగలదు. ఊపిరి వేగం కొద్ది గంటల్లోనే పెరుగుతుంది. కానీ ఆ వేగాన్ని తట్టుకునేలా మూత్రపిండాలు రక్తంలోని ఆమ్ల, క్షార సమతుల్యాన్ని సరిచేయడానికి కొన్ని రోజులు కావాలి. ఆ రోజులను జీపు మిగల్చదు. న్యూజల్పాయిగురి ఉన్నది దాదాపు మైదానంలోనే. అక్కడి నుంచి ఒకటిన్నర రోజులో మూడున్నర వేల మీటర్లు పైకి చేరి అదే రాత్రి అక్కడ పడుకోవడమంటే, ముప్పయి ఏళ్ల వయసును చూసి ఎత్తు జాలిపడుతుందని ఆశపెట్టుకోవడమే.

వైద్యులు సాధారణంగా చెప్పే లెక్క ఏమిటంటే, మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికీ, మరుసటి రాత్రి పడుకునే చోటికీ మధ్య ఎత్తు తేడా 500 మీటర్లకు మించకూడదు. పగటి పూట ఎంత ఎత్తుకు ఎక్కి దిగారన్నది అంత ముఖ్యం కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. ఈ లెక్కకు పాత నడకదారి చక్కగా సరిపోతుంది. మొదటి రాత్రి రెండు వేల మీటర్ల ప్రాంతంలోని మానేభంజన్‌లో ఉండండి. రెండో రోజు చిత్రే, మేఘ్‌మా మీదుగా టుమ్‌లింగ్ చేరండి, అది మూడు వేల మీటర్లకు కాస్త తక్కువ. మూడో రోజు గైరీబాస్‌కు దిగి, మళ్లీ ఎక్కి కాలీపోఖ్రీలో పడుకోండి. అక్కడి నుంచి శిఖరానికి మిగిలిన దూరం తక్కువే గానీ, దారిలో నిటారైన భాగం అదే కనుక దాన్ని నాలుగో రోజుకు ఉంచుకోవాలి. సెలవులు చాలవంటే సందక్‌ఫూ దాటి ఫాలుట్ దాకా వెళ్లే ఆలోచన మానుకోండి గానీ, ఎక్కే రోజుల్లో కోత పెట్టకండి. దిగేటప్పుడు జీపు వాడుకోవడంలో తప్పేమీ లేదు. బొలెరోల మధ్య 1950ల నాటి ల్యాండ్‌రోవర్లు ఇంకా తిరిగే దారి అది. ఎముకలు కదిలిపోయినా సరదాగానే ఉంటుంది.

తలనొప్పికి తోడు వికారం, కళ్లు తిరగడం, విపరీతమైన నీరసం, వీటిలో ఏదైనా ఉంటే ఎత్తు పడలేదనే భావించాలి. గ్యాస్ అనో, రైల్లో తిన్న బిర్యానీ అనో సర్దిచెప్పుకోకూడదు. ఆ రోజు ఇంకా పైకి వెళ్లకుండా ఉన్నచోటే ఉండాలి. మనిషి తూలుతున్నాడని అనుమానం వస్తే, నేల మీద ఒక గీత గీసి, ఒక మడమను రెండో పాదం బొటనవేలికి ఆనిస్తూ నడవమనండి. గీత మీద నిలవలేకపోతే మెదడులో వాపు మొదలై ఉండవచ్చు. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గులో గులాబీరంగు నురగ రావడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తులు. ఈ రెండింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా కిందికి దించాలి. మాత్రలు, ఆక్సిజన్ సిలిండరు దిగేదాకా ఆసరాగా ఉంటాయే తప్ప దిగడానికి బదులు కావు.

ముందుజాగ్రత్తగా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి కూడా అడిగారు. పెద్దవారికి సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ కావడం మామూలే. సల్ఫా మందులు పడనివారు తప్పనిసరిగా వైద్యుణ్ని అడిగాకే ముట్టుకోవాలి. నిద్రమాత్రలు, మద్యం రాత్రి శ్వాసను మందగింపజేస్తాయి కనుక, శిఖరం చేరిన సంబరం మానేభంజన్‌కు దిగాక జరుపుకోండి.

చిన్న విషయం ఒకటి. ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో ఎసరు ఎంత తెర్లినా బియ్యం గింజ లోపల పలుకు మిగిలిపోతుంది కాబట్టి, అక్కడి వంటిళ్లలో ప్రెషర్ కుక్కర్ లేకపోతే అన్నం ఉడకదు. సొంతంగా వండుకుందామని మోసుకెళ్లే మన కర్నూలు సోనా బియ్యం కంటే, అక్కడ వేడివేడిగా దొరికే పప్పు, అన్నం, తుక్పా అనే నూడిల్స్ సూపు నయం.

ప్రశ్న: మా మామయ్యగారికి అరవై నాలుగేళ్లు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి, మందులతో అదుపులోనే ఉన్నాయి. మాతోపాటు తానూ వస్తానంటున్నారు. తీసుకెళ్లవచ్చా? (ఒక గృహిణి, ఉక్కునగరం)

జవాబు: వయసు ఒక్కటే అడ్డంకి కాదు. అదుపులో ఉన్న రక్తపోటు కూడా కాదు. అయితే గుండె వైద్యుడికి "మూడు వేల ఆరు వందల మీటర్ల ఎత్తు" అని అంకెతో సహా చెప్పి, ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, ఆయన సరేనన్నాకే టికెట్లు కొనండి. "డార్జిలింగ్ వెళ్తున్నాం" అని చెబితే వైద్యుడు మాల్ రోడ్డును ఊహించుకుని తలూపేస్తారు. ఎత్తులో రక్తపోటు కొంత పెరగడం సహజం కనుక, అక్కడ తలనొప్పి వస్తే బీపీ మాత్ర వల్లనేమోనని దాన్ని ఆపేయకూడదు. షుగరుకు ఇన్సులిన్ వాడుతున్నట్లయితే అది గడ్డకట్టకుండా ఒంటికి ఆనించి, చొక్కా లోపలి జేబులో ఉంచుకోవాలి. విపరీతమైన చలిలో గ్లూకోమీటరు తప్పు చూపవచ్చు, కాబట్టి దాన్నీ వెచ్చగా ఉంచాకే పరీక్ష చేయండి. మీ మామయ్యగారికి సామాను మోయడానికి ఒక పోర్టరును మాట్లాడండి. ఆయన వద్దన్నా మాట్లాడండి.

ప్రశ్న: ఏ నెలలో వెళితే మబ్బులు లేకుండా శిఖరాలు కనిపిస్తాయి? దసరా సెలవులు సరిపోతాయా? (ఒక ఉపాధ్యాయుడు, గాజువాక)

జవాబు: అక్టోబరు రెండో సగం నుంచి నవంబరు చివరి దాకా ఆకాశం తేటగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్ పూలతో కొండలు ఎర్రబడతాయి గానీ, మధ్యాహ్నానికి పొగమంచు కమ్ముకుంటుంది. వానాకాలంలో జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా సింగలీలా జాతీయ ఉద్యానాన్ని మూసివేస్తారు. డిసెంబరు తర్వాత మంచు పడవచ్చు. సముద్రమట్టం కంటే ఉష్ణోగ్రత వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే, ఏ నెలలోనైనా మైదానం కంటే అక్కడ ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీలు తక్కువే. లంబసింగి చలికి కొన్న స్వెట్టరు ఒక్కటే చాలదు.

దసరా సెప్టెంబరు చివర్లో వచ్చిన ఏడు, ఆ సెలవులను నమ్ముకోకపోవడం మంచిది. అక్టోబరులో వెళ్లేవారు బంగాళాఖాతం మీద కూడా కన్నేసి ఉంచాలి. మన ఊరివాళ్లకు ఈ సంగతి వేరెవరికంటే బాగా తెలియాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లు కూలి, కరెంటు పోయి, నీళ్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆ రోజుల్లో తుపాను మన దగ్గరే ముగిసిపోయిందనుకున్నాం. దాని మిగులు తేమ ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న, నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భారీ మంచు తుపానుగా విరుచుకుపడింది. 5,416 మీటర్ల థోరాంగ్ లా కనుమ దగ్గర, చుట్టుపక్కల కలిపి నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో నడకకు వచ్చిన విదేశీయులతో పాటు స్థానిక గైడ్లు, పోర్టర్లు కూడా ఉన్నారు. ఆంధ్ర, ఒడిశా తీరానికి తుపాను హెచ్చరిక వెలువడితే, హిమాలయాల్లో నడిచేవారు దాన్ని తమకు కూడా ఇచ్చిన హెచ్చరికగానే తీసుకుని రెండు మూడు రోజులు కింద ఆగిపోవాలి.

ప్రయాణం సంగతికొస్తే, కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగా న్యూజల్పాయిగురి చేరుతుంది. హౌరాలో బండి మారే వీలూ ఉంది. విమానానికి బాగ్‌డోగ్రా దగ్గర. అక్కడి నుంచి మిరిక్ మీదుగా మానేభంజన్‌కు కార్లు దొరుకుతాయి.

ప్రశ్న: దారి కొంత నేపాల్‌లోంచి పోతుందట. పాస్‌పోర్టు కావాలా? అమెరికా పౌరసత్వం ఉన్న మా పిన్ని కొడుకు కూడా వస్తున్నాడు. వాడికి ఇబ్బందేమైనా ఉంటుందా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, మద్దిలపాలెం)

జవాబు: దారి సరిహద్దును దాటుతుందనడం కంటే, దాని మీద అటూ ఇటూ ఊగుతూ సాగుతుందనడం సరిగా ఉంటుంది. మీరు రాత్రి ఆగే టుమ్‌లింగ్ నేపాల్‌ది, మర్నాడు దిగే గైరీబాస్ మనది. కంచె ఉండదు. గడ్డిలో అక్కడక్కడ తెల్లటి సరిహద్దు స్తంభాలు కనిపిస్తాయి. 1950 నాటి శాంతి, మైత్రి ఒప్పందం వల్ల రెండు దేశాల పౌరులు వీసా లేకుండా రాకపోకలు సాగించవచ్చు. అందుకని కాగితాలే అక్కరలేదనుకోకూడదు. ఈ సరిహద్దును కాపలా కాసే సశస్త్ర సీమా బల్ జవాన్లు చెక్‌పోస్టుల్లో గుర్తింపు కార్డు చూసి, పేరు రాసుకుంటారు. నేపాల్ ప్రయాణానికి మన ప్రభుత్వం గుర్తించేవి పాస్‌పోర్టు, ఓటరు గుర్తింపు కార్డు. ఆధార్‌ను పదిహేనేళ్ల లోపు పిల్లలకూ, అరవై అయిదేళ్లు దాటినవారికీ మాత్రమే అంగీకరిస్తారు. పై ఉత్తరంలోని మామయ్యగారు ఒక్క ఏడాది తేడాతో ఆ వెసులుబాటుకు దూరమయ్యారు కనుక ఓటరు కార్డు పెట్టుకోవాలి. ఫోనులో ఫొటో కాకుండా అసలు కార్డునే తీసుకెళ్లండి.

మీ తమ్ముడు పాస్‌పోర్టు, భారతీయ వీసా లేదా ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయ సంతతివారికి ఇచ్చేది) అసలు ప్రతులు దగ్గర ఉంచుకోవాలి, చెక్‌పోస్టుల్లో వివరాలు నమోదు చేయించుకోవాలి. ఫాలుట్ దాటి సిక్కిం వైపు దిగాలనుకుంటే మాత్రం విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి సిక్కిం అనుమతి పత్రం విడిగా కావాలి. ఓసీఐ కార్డు దానికి బదులు కాదు. అతని కోసమైనా వచ్చిన దారినే తిరిగి రావడం సుఖం. ఉద్యానంలోకి ఎవరు వెళ్లినా స్థానిక గైడును వెంట పెట్టుకోవడం తప్పనిసరి. మానేభంజన్‌లోనే మాట్లాడుకోవచ్చు.

సరిహద్దు మీ ఫోనుకూ తెలుస్తుంది. నేపాల్ సమయం మనకంటే పావుగంట ముందు. ఫోను నేపాల్ సిగ్నలును పట్టుకుంటే గడియారం తనంతట తానే పదిహేను నిమిషాలు ముందుకు జరిగిపోతుంది, మళ్లీ మలుపు తిరిగితే వెనక్కి వస్తుంది. సూర్యోదయానికి అలారం పెట్టుకునేవారు సమయాన్ని భారతీయ కాలమానానికి స్థిరపరచుకోవాలి, అంతర్జాతీయ రోమింగ్ ఆపేయాలి. లేదంటే ఇంటికొచ్చాక బిల్లు చూసి గుండె దడ వస్తుంది. ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సంకేత పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం. మీ తమ్ముడు అమెరికాలో కొనుక్కున్నది ఏదైనా వెంట తెస్తానంటే వద్దని చెప్పండి. డ్రోన్ సంగతి కూడా అంతే. ప్రయాణ బీమా తీసుకుంటే నేపాల్ నేల మీద జరిగిన ప్రమాదానికి వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో చదివాకే సంతకం చేయండి.

ప్రశ్న: సందక్‌ఫూ నుంచి తీసిన ఫొటోల్లో కాంచనజంగ కొండంత కనిపిస్తుంది, ఎవరెస్టు మాత్రం మూలన చిన్న ముక్కలా ఉంటుంది. పెద్దది ఎవరెస్టు కదా! (ఒక ఫొటోగ్రాఫర్, పెదవాల్తేరు)

జవాబు: దూరమే కారణం. సందక్‌ఫూ నుంచి 8,586 మీటర్ల కాంచనజంగ సుమారు 70 కిలోమీటర్లలో ఉంటే, ఎవరెస్టు 145 కిలోమీటర్ల అవతల ఉంది. దీనికి భూమి గుండ్రదనం తోడవుతుంది. ఆర్.కె. బీచి నుంచి చూస్తే దూరం పోతున్న ఓడ కిందికి దిగుతున్నట్లు కనిపిస్తుంది కదా, అలాగే ఎవరెస్టు కూడా వెయ్యి మీటర్లకు పైగా కిందికి దిగినట్లు కనిపిస్తుంది. దానికి ముందు నిలబడ్డ 8,485 మీటర్ల మకాలు కూడా దాన్ని కొంత చిన్నబుచ్చుతుంది. కంటికి కనబడేదాన్ని నమ్మి మోసపోయింది మనమే కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయినది కాంచనజంగే అనుకునేవారు. 1852లో సర్వే విభాగంలో రాధానాథ్ సిక్దార్ వేసిన లెక్కలతో పదిహేనో నంబరు శిఖరం, అంటే ఇప్పటి ఎవరెస్టు, దాన్ని మించిందని తేలింది, 1856లో ఆ సంగతి ప్రకటించారు.

కాంచనజంగ కూడా భారత్, నేపాల్ సరిహద్దు మీదిదే. 1955 మే 25న నేపాల్ వైపు నుంచి ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్, ఆ శిఖరాన్ని దైవంగా కొలిచే సిక్కిం ప్రజల మనసు నొప్పించబోమని ఇచ్చిన మాట ప్రకారం, చిట్టచివరి కొన్ని అడుగులు తొక్కకుండా తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఎక్కినవారిలో చాలామంది అదే పద్ధతి పాటించారు. సిక్కిం వైపు నుంచి ఎక్కడం 2001 నుంచి నిషేధం. మీ కెమెరాకు సంబంధించినంత వరకు, తెల్లవారుజామునే సిద్ధంగా ఉండండి. బ్యాటరీలు చలికి త్వరగా నీరసపడతాయి, రాత్రి వాటిని రగ్గులో పెట్టుకునే పడుకోండి.

ప్రశ్న: మాలావత్ పూర్ణ గురించి చదివి, పన్నెండేళ్ల మా అమ్మాయి తానూ ఎవరెస్టు ఎక్కుతానంటోంది. సందక్‌ఫూతో మొదలుపెట్టవచ్చా? (ఒక తండ్రి, మధురవాడ)

జవాబు: మొదలుపెట్టవచ్చు. పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో, ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. అదీ సరిహద్దు శిఖరమే, నేపాల్, చైనాల మధ్యది; నేపాల్ వైపు పదహారేళ్లు నిండనివారికి అనుమతి ఇవ్వరు. ఆ పిల్లల వెనుక భువనగిరి రాతికొండ మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో పొందిన శిక్షణ ఉంది. మీ అమ్మాయికి ముందు కావలసింది తలనొప్పి వస్తే దాచకుండా చెప్పే అలవాటు. పిల్లలకూ ఎత్తు పెద్దవారికి లాగే పడకపోవచ్చు, పైకి మాత్రం "ఆకలి లేదు" అనో, ఊరికే చిరాకుపడుతూనో కనిపిస్తారు. దారి పక్కన పూసిన ఏ మొక్కనూ నోట్లో పెట్టుకోవద్దని కూడా చెప్పండి, ఆ కొండల మీద వసనాభి పెరుగుతుంది, వేరు నుంచి పువ్వు దాకా అంతా విషమే.

ప్రశ్న: సాధన కోసం ఒడిశా సరిహద్దు దగ్గరి దేవమాలి గానీ, మన జిందగడ గానీ ఎక్కితే సరిపోతుందా? (ఒక ప్రయివేటు ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: కాళ్లకు సరిపోతుంది, ఎత్తుకు సరిపోదు. తూర్పు కనుమల్లో ఎత్తయినదిగా చెప్పే జిందగడ 1,680 మీటర్లు, కొరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు. ఎత్తు ప్రభావం సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది కనుక, మన కొండలు ఎన్నిసార్లు ఎక్కినా ఆ పని జరగదు. అయినా సింహాచలం మెట్లు వారానికి రెండుసార్లు, ఆరేడు కిలోల సంచి భుజాన వేసుకుని ఎక్కి దిగండి. దిగడాన్ని మాత్రం బస్సుకు వదిలేయకండి, సందక్‌ఫూ నుంచి గుర్దుం, శ్రీఖోలా వైపు నడిచి దిగేవారి మోకాళ్లను అడిగితే ఆ దిగుడు ఎంత కఠినమో చెబుతాయి. బూట్లు కనీసం నెల ముందు కొని, ఈ మెట్ల మీదే అరగదీయండి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి కొనడానికి సాయంత్రం పూటే దుకాణానికి వెళ్లి, మందపాటి మేజోళ్లు తొడుక్కుని, దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలనంత ఖాళీ ఉండేలా చూసుకోండి.